గురకకి ముప్పై మార్కులు

ఆరోగ్యంగా ఉన్న కుక్కల్ని ఊళ్లోంచి వెళ్లగొట్టాలని మా మునిసిపాలిటీ వారు ఎన్నడూ అనుకోలేదు. ఆ మాట ముందే చెప్పడం న్యాయం. వారు అనుకున్నదల్లా వీధి కుక్కల బెడద తగ్గించాలని. అది మంచి ఆలోచనే. దాన్ని అమలు చెయ్యడం మొదలుపెట్టాకే మిగిలినవన్నీ జరిగాయి.

అప్పటికి మా ఊళ్లో పగ్ అనే జాతి కుక్క ఇంటింటా వెలిసింది. చప్పిడి మూతి, నుదుటి మీద ముడతలు, ఎప్పుడూ ఏదో చెడ్డ వార్త విన్నట్టుండే గుడ్లు, చుట్టలు తిరిగిన తోక. ముందు మునిసిపల్ చైర్‌పర్సన్ గారు ఒకటి కొన్నారు. తర్వాత వారి చుట్టాలు కొన్నారు. ఆ తర్వాత వారికి చుట్టాలమనిపించుకోవాలని సరదాపడిన వారంతా కొన్నారు. మేమూ కొన్నాం.

మాది ఫొటో స్టూడియో. నన్ను ఊళ్లో ఫొటో సోమలింగం అంటారు. ముందు గదిలో స్టూడియో, వెనక గదుల్లో కాపురం. మా వీధి ఊరికి ఆఖరి వీధి, అది దాటితే కాలవ గట్టే. మా కుక్క తోక చూసి దానికి జాంగ్రీ అని పేరు పెట్టింది మా ఆవిడ మాణిక్యం. మా పక్క ఇల్లు కమిషనర్ త్రిలోచనరావు గారి బంగ్లా. మధ్యన ఒక్క గోడ. వారి కుక్క పేరు మహారాణి. మధ్యాహ్నం భోజనాలయ్యాక గోడకి ఇవతల జాంగ్రీ, అవతల మహారాణి గురకలు పెడుతుంటే రెండు రైసు మిల్లులు పక్కపక్కన ఆడుతున్నట్టుండేది.

ఇక ఉత్తర్వు సంగతి. వీధి కుక్కల్ని పట్టి ఊరి పొలిమేర దాటించాలని, జాతి కుక్కలకి లైసెన్సు ఇవ్వాలని కౌన్సిల్ తీర్మానించింది. అయితే ఏది జాతి కుక్కో ఎలా తెలుస్తుంది? అమ్మినవాళ్లు ఇచ్చే సర్టిఫికెట్లు చాలవన్నారు. ఆ సర్టిఫికెట్లు చాలా మటుకు మా స్టూడియోలోనే ప్రింటు చేసేవాణ్ణి గనక అవి చాలవని నాకూ తెలుసు. అప్పుడు ఆఫీసు వారు రూల్సు తిరగేసి చూశారు. జంతువులకి సంబంధించిన ఏ ఉత్తర్వుకైనా గెజిటెడ్ పశువైద్యాధికారి సంతకంతో సాంకేతిక అనుబంధం ఒకటి జతచెయ్యాలట. ఫైలు వెతికితే అలాంటి కాగితం ఒకటే దొరికింది.

అది డాక్టర్ సువార్త గారు అంతకు ముందు వేసవిలో ఇచ్చిన అర్జీ. ఆవిడ మా ఊరి పశువుల ఆస్పత్రి డాక్టరు. గేదెలకీ మేకలకీ వైద్యం చేసుకునే మనిషి దగ్గరికి ఎండాకాలం మొదలయ్యేసరికి ఆయాసంతో పగ్‌లు వరస కట్టడం చూసి, ఆవిడ ప్రాణం విసిగి, ఈ జాతికి తరచుగా వచ్చే జబ్బులన్నీ వివరంగా రాసి, ప్రజల్ని హెచ్చరించండి మహాప్రభో అని కౌన్సిల్‌కి పంపారు. సన్నటి ముక్కు రంధ్రాలు, అంగిలి వెనక అవసరానికి మించిన కండ, గురక, ఎగశ్వాస, పొడుచుకొచ్చే కళ్లు, వాటికి పుండ్లు, ముడతల మధ్య చర్మం రాసుకుపోయే ఒరుపు, ఒళ్లు పెరగడం, జారే మోకాలి చిప్పలు, ఎండకి సొమ్మసిల్లడం. కింద ఆకుపచ్చ సిరాతో సంతకం.

ఆకుపచ్చ సిరా ఉంది గనక అది అనుబంధం అయిపోయింది. మార్కులు మాత్రం ఆఫీసు వారు వేసుకున్నారు. గురకకి ముప్పై. ఎగశ్వాసకి ఇరవై. కళ్లకి ఇరవై. ముడతలకీ ఒరుపుకీ కలిపి పదిహేను. ఊబకాయానికి పది. మోకాలి చిప్ప జారితే అయిదు. అరవై వస్తే శుద్ధ జాతి, లైసెన్సు. రాకపోతే వీధి కుక్క, వేన్.

సంగతి తెలిసి సువార్త గారు గేదె పురుడు మధ్యలో వదిలేసి, చేతులు కడుక్కుని, నేరుగా కమిషనర్ గారి గదికి వచ్చారు. లైసెన్సు ఫొటోల రేటు మాట్లాడుకోవడానికి నేను అప్పటికే అక్కడున్నాను.

"సార్, అవి రోగాలండి" అన్నారు ఆవిడ.

త్రిలోచనరావు గారు ప్రసన్నంగా నవ్వారు. ఆయన మంచివారే. ఎవరినీ కసురుకోరు. "డాక్టర్ గారూ, రోగమా కాదా అన్నది మీ శాఖకి చెందిన అంశం. దానిలో మేం జోక్యం చేసుకోము. అనుబంధమా కాదా అన్నది మా శాఖకి చెందిన అంశం. దానిలో మీరు జోక్యం చేసుకోకూడదు."

"మంచి కుక్కల్ని వెళ్లగొట్టి, జబ్బు కుక్కల్ని ఉంచుతారాండి?"

"మంచి, చెడు అనే పదజాలం ఉత్తర్వులో ఎక్కడా ప్రయోగించలేదమ్మా. అర్హత, అనర్హత అని మాత్రమే పేర్కొనడం జరిగింది."

"నా కాగితం నాకు ఇచ్చెయ్యండి."

"ఫైలులో చేరిన కాగితాన్ని వెనక్కి తీసుకోవాలంటే కౌన్సిల్ తీర్మానం కావాలి. తదుపరి సమావేశం, లైసెన్సు పొందిన శునకాలతో జరిపే శునక వైభవ ఊరేగింపు అనంతరం."

"ఊరేగింపెప్పుడండి?"

"రోహిణి కార్తెలో. మధ్యాహ్నం పూట పెడితే జాతి లక్షణాలు స్పష్టంగా బయటపడతాయని సభ్యులు అభిప్రాయపడ్డారు."

సువార్త గారు గేదె దగ్గరికి వెళ్లిపోయారు. అది దూడని సుఖంగానే ఈనిందట.

పరీక్షలు టౌను హాల్లో పెట్టారు. కుక్కలకి కడుపు నిండా పెరుగన్నం పెట్టి, తుంగ చాపల మీద పడుకోబెట్టేవారు. గురక వినడానికి పరీక్షకుడిగా పన్నుల సూపరింటెండెంట్ భద్రాచలం గారిని వేశారు. ఆయన మధ్యాహ్నం సీట్లో కూర్చుని పెట్టే గురక ఆఫీసులో పేరుపడ్డది. అనుభవజ్ఞుణ్ణి వెయ్యాలన్నది కమిటీ నిర్ణయం. ఆయన ఒక్కో కుక్క దగ్గరా గొంతుక్కూర్చుని, కళ్లు మూసుకుని, చెవి ఒగ్గి వినేవారు.

"ఇది ఉత్త ముక్కు గురకండి" అనేవారు. "పైపైన పోతోంది. పద్దెనిమిది వెయ్యండి. గురకంటే గొంతులోంచి రావాలండి, గొంతులోంచి."

మొదటి రోజు కొబ్బరికాయల కొట్టు వారి పగ్ ఒకటి వచ్చింది. సన్నగా, చలాకీగా ఉంది. పెరుగన్నం సగం తిని చాలనుకుంది. పడుకోమంటే చప్పుడు లేకుండా పడుకుంది. లేవమంటే లేచి హాలంతా పరుగెత్తింది. దాని యజమానురాలు సంబరంగా చూస్తోంది.

"మీ కుక్క నడక బావుందమ్మా" అన్నారు భద్రాచలం గారు విచారంగా. "అదే చిక్కు."

ఇరవై రెండు మార్కులు వచ్చాయి. బయట శానిటరీ ఇన్‌స్పెక్టర్ అప్పన్నదొర వేన్ తలుపు తీసి ఉంచాడు. కుక్క తోకాడించుకుంటూ ఎక్కింది. ఆవిడ ఏడుస్తూ వేన్ వెనక వెళ్లింది.

ఆ రోజు జాంగ్రీకి తొంభై ఆరు. చాప మీద పడుకోగానే టౌను హాలు కిటికీ రెక్కలు కదిలాయి. భద్రాచలం గారు విని, విని, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ముప్పైకి ముప్పై వేసుకోండి. మా నాన్నగారు గుర్తొచ్చారండి నాకు" అన్నారు. మోకాలి చిప్ప దగ్గర మాత్రం కొద్దిలో తప్పింది. ఒక కాలిదే జారింది. ఊరికల్లా మొదటి ర్యాంకు మా జాంగ్రీదే.

మా వాళ్ల సంగతి మీకు తెలుసు. మార్కులన్న మాట వినపడితే చాలు, కోచింగ్ సెంటరు దానంతటదే మొలుస్తుంది. నెల తిరగకుండా ఊళ్లో మూడు వెలిశాయి. కుక్కల్ని అక్కడే ఉంచుకునే రెసిడెన్షియల్ ఒకటి, లాంగ్ టర్మ్ బ్యాచ్ ఒకటి, ఊరేగింపు లోపు అరవై గ్యారంటీ అనే క్రాష్ కోర్సు ఒకటి. షికారు నిషేధం. పూటకి రెండు సార్లు నేతి సున్నుండలు. కిటికీలు మూసేసిన గదిలో ఎగశ్వాస క్లాసు. వారం వారం స్లిప్ టెస్టు. బాగా ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని, అంటే కుక్కల్ని, వెనకబడిన సెక్షన్‌లో వేసి ప్రత్యేక శ్రద్ధ తీసుకునేవారు. ఒకరి కుక్కకి కంటి పుండు వచ్చిందంటే వీధంతా అభినందించి వచ్చేది. "మా దానికింకా రాలేదండి, ఎన్ని చేసినా ఆ గుడ్లు లోపలే ఉంటున్నాయి" అని దిగులుపడిన తల్లుల్ని నేనే చూశాను.

ర్యాంకర్ల ఫ్లెక్సీలన్నీ నేనే వేశాను. బస్టాండు సెంటర్లో జాంగ్రీది పన్నెండడుగుల ఫ్లెక్సీ. కింద 'ఊరి గర్వకారణం' అని. కట్టించిన సాయంత్రం మాణిక్యాన్ని తీసుకెళ్లి చూపించాను. తను తలెత్తి చాలాసేపు చూసింది.

"నాలిక గులాబీ రంగులో ఉందేంటండి?" అంది.

"బావుందని" అన్నాను. ఫొటోలో నాలిక నీలంగా పడింది. ఫ్లెక్సీ కదా అని కంప్యూటర్లో సరిచేశాను. పెళ్లికూతుళ్ల మొహాలకి చేస్తూనే ఉంటాం, కుక్కకి చెయ్యడానికేం?

"ఫ్లెక్సీలో మార్చేరు. ఇంట్లో దానికెలా మారుస్తారు?"

ఇంటికొచ్చాక జాంగ్రీని వెలుతురులోకి తీసుకెళ్లి చూశాను. నాలుగడుగులు వేసి కూలబడి, నోరు తెరిచి, గాలిని కొరుక్కు తింటున్నట్టు అవస్థపడుతోంది. నాలిక నేరేడు పండు తిన్నట్టుంది. ఆ రంగుని ఫ్లెక్సీలో నేను తుడిచేశానని తలుచుకుంటే సిగ్గేసింది. మర్నాడే ముగ్గురం సువార్త గారి దగ్గరికి వెళ్లాం.

ఆవిడ స్టెతస్కోపు పెట్టలేదు. వాకిట్లోంచే వినిపిస్తోంది. "ఇది రోహిణి దాటదండి" అన్నారు.

మాణిక్యం బల్ల పట్టుకుంది. "ఏం చేస్తే దాటుద్దండి?"

"ముక్కు రంధ్రాలు కొంచెం కోసి పెద్దవి చెయ్యాలమ్మా. అంగిలి వెనక కండ తియ్యాలి. జిల్లా ఆస్పత్రిలో నేనే చేస్తాను. హాయిగా ఊపిరి పీలుస్తుంది. రేపట్నుంచీ సున్నుండలు ఆపెయ్యండి."

"గురక?" అన్నాను నేను.

"పోతుంది."

"ఎగశ్వాస?"

"అదీ పోతుంది."

మనసులో లెక్క వేసుకున్నాను. యాభై పోతాయి. ఊరేగింపుకి ముందు ర్యాంకర్లకి మళ్లీ తనిఖీ ఉంది. "అయితే ఇది వీధి కుక్కయిపోద్ది కదండీ" అన్నాను.

సువార్త గారు నావైపు కాకుండా మాణిక్యం వైపు చూశారు. "చేయించకపోతే శుద్ధ జాతిగానే పోతుంది. మీరే ఆలోచించుకోండమ్మా."

ఆలోచించుకుందాం అన్నాను నేను. ఊరేగింపు అయ్యాక చూద్దాం అన్నాను. మునిసిపాలిటీ ఫొటోలు, ఫ్లెక్సీలు అన్నీ నా చేతిలో ఉన్నాయని కూడా అనబోయాను. మాణిక్యం జాంగ్రీని చంకనెత్తుకుంది.

"మీరు స్టూడియో చూసుకోండి. నేనూ ఇదీ జిల్లా ఆస్పత్రికి పోతాం. ఊపిరాడక చచ్చిపోతే ఆ లైసెన్సు దాని మెళ్లో కడతారా, గోతిలో పాతతారా?" అంది. పెళ్లయ్యాక నన్ను అంత నెమ్మదిగా తిట్టడం అదే మొదలు. స్టూడియో మూసి నేనూ వెళ్లాను.

ఆపరేషన్ బాగా జరిగింది. నాలుగు రోజులకి జాంగ్రీ ఇంటికొచ్చింది. ఆ మధ్యాహ్నం అరుగు మీద పడుకుని నిద్రపోయింది. ఇల్లంతా నిశ్శబ్దం. మాణిక్యం వంట మధ్యలో మూడు సార్లు వచ్చి, దాని ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసింది. మూడోసారి అక్కడే కూర్చుండిపోయి, చెయ్యి అలాగే ఉంచి ఏడ్చింది. "తగుల్తోందండి గాలి. చల్లగా తగుల్తోంది" అంది. నేనూ చెయ్యి పెట్టి చూశాను. నిజమే. నా కళ్లలోనూ నీళ్లు తిరిగాయి.

కాసేపటికి కమిషనర్ గారి బంగ్లాలో వంట చేసే సూరమ్మ గోడ మీంచి తొంగి చూసింది. "అమ్మగారూ, మీ కుక్క గాని పోయిందా? చప్పుడు లేదు, కనుక్కు రమ్మన్నారు అయ్యగారు."

"పోలేదు సూరమ్మా. ఊపిరి పీలుస్తోందని చెప్పు" అంది మాణిక్యం సంతోషం పట్టలేక.

సూరమ్మ వెళ్లి అలాగే చెప్పింది. మర్నాడు పొద్దున్నే తనిఖీకి భద్రాచలం గారు వచ్చి, అరుగు మీద పొద్దెక్కేదాకా చెవి ఒగ్గి కూర్చుని, జాంగ్రీ గురక పెట్టక, చివరికి తానే పెట్టి, ఆ చప్పుడుకి తానే లేచి సున్నా వేసి వెళ్లారు. సాయంత్రానికి నోటీసు వచ్చింది.

"మీ పెంపుడు శునకము చికిత్స నెపమున శ్వాస పీల్చుటకు అలవాటుపడి, తద్ద్వారా తన జాతిని కోల్పోయినట్లు విచారణలో రుజువైనందున, దానిని వీధి శునకముగా ప్రకటించడమైనది. రాబోవు సోమవారం ఉదయం దానిని పురపాలక పరిధి వెలుపల విడిచిపెట్టడం జరుగుతుంది. ఈలోగా శునకము పూర్వస్థితికి వచ్చినచో తెలియపరచవలెను."

అప్పీలు చేసుకునే హక్కు ఉంది గనక చేసుకున్నాం. కమిషనర్ గారి గదిలో విచారణ. మేమిద్దరం, మా తరఫున సువార్త గారు, నోటు రాసుకోవడానికి భద్రాచలం గారు. ఏ.సి. హాయిగా ఆడుతోంది. సోఫాలో పట్టు దిండు మీద మహారాణి పడుకుని ఎగపోస్తోంది. గోడ మీద ఊరేగింపు పోస్టరు.

"అమ్మా, భావోద్వేగాలు మాకూ ఉన్నాయి" అన్నారు త్రిలోచనరావు గారు మాణిక్యంతో. "కానీ పరిపాలన అన్నాక ఒక కొలమానం ఉండాలి. ఇవాళ మీ శునకం ఊపిరి పీలిస్తే, రేపు ఇంకొకటి పీలుస్తుంది. ఎల్లుండి అన్నీ పీలుస్తాయి. అప్పుడు జాతి ఏమవుతుంది?"

"బతుకుద్దండి" అంది మాణిక్యం.

ఆయన దానికి సమాధానం ఆలోచిస్తుండగా కరెంటు పోయింది.

మా ఊళ్లో మే నెలలో కరెంటు పోవడం వార్త కాదు. జనరేటరుకి డీజిల్ ఉంది గాని దాన్ని పొయ్యడానికి ఉత్తర్వు లేదు. గది పొయ్యిలా కాగడం మొదలెట్టింది. మేం నోటీసులతో విసురుకున్నాం. ఎవరూ మహారాణి వైపు చూడలేదు. భద్రాచలం గారే ముందు గమనించారు. "ఆహా, ఏం ఎగశ్వాసండి. ఇరవైకి ఇరవై" అన్నారు. ఆ మాట పూర్తవక ముందే మహారాణి దిండు మీంచి నేల మీదికి జారింది. నాలిక నల్లబడింది. కళ్లు తేలేసింది.

సువార్త గారు బల్ల మీద ఉన్న మంచినీళ్ల జగ్గు లాక్కుని దాని పొట్ట మీద, పాదాల మీద పోశారు. మాణిక్యం కొంగు తడిపి ఒంటికి చుట్టి, పోస్టరు పీకి విసరడం మొదలెట్టింది. నేను కిటికీలన్నీ తీశాను. త్రిలోచనరావు గారు నేల మీద మోకాళ్ల మీద కూర్చుని, దాని తోక కొస పట్టుకుని, "మహా తల్లీ, లేమ్మా, లేమ్మా" అంటున్నారు. ఆయన చొక్కా చెమటకి ఒంటికి అంటుకుపోయింది. నాకు అప్పటిదాకా ఆయన మీద ఉన్న కోపమంతా ఎటో పోయింది.

చాలాసేపటికి మహారాణి కదిలింది. ఒక మూలుగు మూలిగింది. ఆయన మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చేశారు.

"ఈసారికి గట్టెక్కిందండి" అన్నారు సువార్త గారు. "మళ్లీ ఎక్కదు."

"మీరు ఆ పక్కింటి దానికి చేసిందేదో దీనికీ చెయ్యండి డాక్టర్ గారూ. బతుకుతుంది కదా?"

"బతుకుతుందండి. జాతి పోతుంది."

ఆయన సోఫా పట్టుకుని నెమ్మదిగా లేచారు. కళ్లు తుడుచుకున్నారు. చొక్కా సర్దుకున్నారు. బల్ల వెనక కుర్చీలో కూర్చునేసరికి మళ్లీ కమిషనర్ అయిపోయారు.

"మరి మా జాంగ్రీ సంగతేంటండి?" అంది మాణిక్యం, ఇంకా ఆ తడి కొంగుతోనే.

ఆయన తల దించుకునే చెప్పారు. "ఉత్తర్వు ఉత్తర్వేనమ్మా. సోమవారం వేన్ వస్తుంది."

ఆ మాటకి సువార్త గారు బ్యాగు తీసుకుని లేచిపోయారు. నాకు మాత్రం ఆ జగ్గులో నీళ్లు ఆయన నెత్తిన పోసి రావలసింది అనిపించింది.

ఆదివారం మధ్యాహ్నం గోడకి అవతల కూడా నిశ్శబ్దంగా ఉంది. మాణిక్యం పీట ఎక్కి గోడ మీంచి పిలిచింది. "సూరమ్మా, మీ మహారాణి గాని పోయిందా?"

సూరమ్మ ఇటూ అటూ చూసి గొంతు తగ్గించింది. "పోలేదమ్మగారూ. ఊపిరి పీలుస్తోందండి. నిన్ననే జిల్లా ఆస్పత్రి నుంచి తెచ్చారు. ఎవరితోనూ అనొద్దన్నారండి."

సోమవారం పొద్దున్నే వేన్ వచ్చి మా గుమ్మం ముందు ఆగింది. అప్పన్నదొర దిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతను చెడ్డవాడు కాదు. "ఏం చేస్తామండి, పైనుంచి ఆర్డరు" అన్నాడు. పొలిమేర అవతల వదిలిన కుక్కలు కొన్ని లారీల కింద పడ్డాయని, కొన్ని ఎటు పోయాయో తెలియదని మాకు తెలుసు. వీధిలో ఎప్పుడూ తిరగని కుక్కకి తిండి వెతుక్కోవడం కూడా రాదు.

మాణిక్యం ఏడవలేదు. చీర మార్చుకుని, ఒక సంచిలో జాంగ్రీ గిన్నె, దుప్పటి, మందులు పెట్టుకుని, దాన్ని ఎత్తుకుని వేన్ ఎక్కి కూర్చుంది.

"అమ్మా, మనుషులు ఎక్కకూడదండి ఇందులో" అన్నాడు అప్పన్నదొర.

"దీన్నెక్కడ దింపితే నన్నూ అక్కడే దింపు నాయనా."

"ఏవండీ, మీరైనా చెప్పండి" అని అతను నావైపు తిరిగాడు. చెప్పడానికి నాకేముంది? స్కూటరు తీశాను. జాలీ లోంచి మాణిక్యం మొహం కనిపిస్తూనే ఉంది. జాంగ్రీ మా ఆవిడ ఒళ్లో కూర్చుని, దారిలో వచ్చిన ప్రతి వాసననీ కొత్త ముక్కుతో హాయిగా పీలుస్తోంది. బస్టాండు సెంటర్లో దాని పన్నెండడుగుల ఫ్లెక్సీ కింద నుంచే వేన్ వెళ్లింది. నా ఫ్లెక్సీ కింద నుంచి నా పెళ్లాన్ని కుక్కల బండిలో తీసుకుపోతుంటే వెనకాల స్కూటరు మీద వెళ్లడం కన్నా కష్టం నాకు అంతకు ముందు తెలియదు.

బయటికి పంపే కుక్క కాగితం మీద ఆఫీసులో ముద్ర వేయించుకోవాలి. వేన్ మునిసిపల్ ఆఫీసు ముందు ఆగింది. అప్పన్నదొర లోపలికి వెళ్లి, ఎంతకీ రాడు. వచ్చినప్పుడు చేతిలో కొత్త కాగితం, దాంతో పాటు ఒక మ్యాపు ఉన్నాయి. వాటిని అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంటున్నాడు.

"ఏమైంది దొరా?" అన్నాను.

"కొత్త ఆర్డరండి. పొద్దున్నే సంతకమైందంట" అని చదివాడు. "పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా, కాలవ గట్టు వీధిని పురపాలక పరిధి నుంచి తక్షణమే మినహాయించడమైనది. ఇకపై సదరు వీధి పొలిమేరకు అవతలిదిగా పరిగణించబడును."

కాలవ గట్టు వీధి అంటే మా వీధి. కమిషనర్ గారి బంగ్లా ఉన్న వీధి. పొలిమేర ఒక్క వీధి లోపలికి జరిగింది. మహారాణి ఊపిరి పీలుస్తూ, చట్టాన్ని వెంట్రుకవాసి కూడా అతిక్రమించకుండా, తన ఇంట్లోనే ఉండొచ్చు.

అప్పన్నదొర మ్యాపు మీద వేలు పెట్టి కొంతసేపు ఆలోచించాడు. పొలిమేరకి అవతల, ఆఫీసుకి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న చోటు ఏదో చూసుకున్నాడు. డీజిల్ ఆదా చెయ్యాలని కూడా ఉత్తర్వుంది. వేన్ వెనక్కి తిప్పాడు.

బస్టాండు సెంటరు మీంచి, ఫ్లెక్సీ కింద నుంచి, వచ్చిన దారినే వెళ్లి, మా గుమ్మం ముందే ఆగాడు. దిగి తలుపు తీశాడు. మాణిక్యం కిందికి చూసి, ఇల్లు చూసి, అతని మొహం చూసింది.

"దిగండమ్మా. పొలిమేర వచ్చింది" అన్నాడు అప్పన్నదొర.

జాంగ్రీ తనే దూకింది. గుమ్మంలోకి పరుగెత్తి, వెనక్కి వచ్చి, మళ్లీ పరుగెత్తింది. ఒక్కసారి కూడా కూలబడలేదు. అప్పన్నదొర రసీదు తీసి మాణిక్యం చేత సంతకం పెట్టించుకున్నాడు. సదరు వీధి శునకమును పురపాలక పరిధి వెలుపల విడిచిపెట్టడమైనది అని ఉంది. "మజ్జిగ తాగి వెళ్లు నాయనా" అంది మాణిక్యం. అప్పుడు ఏడ్చింది.

ఆ తర్వాత సంగతి ఊరంతటికీ తెలిసినదే. వారం తిరక్కుండా పక్క వీధి వాళ్లు తమనీ మినహాయించమని అర్జీ పెట్టుకున్నారు. కమిషనర్ గారు ఒక వీధికి ఇచ్చి మరొక వీధికి కాదనలేకపోయారు. దాని వెనక ఇంకో వీధి, దాని వెనక బజారు. మునిసిపాలిటీ బయట పడితే కుళాయి నీళ్లు రావేమోనని కొందరు భయపడ్డారు. లోపల ఉన్నప్పుడూ రాలేదని పెద్దవాళ్లు గుర్తుచేశారు. సువార్త గారు గేదెల్ని కాసేపు పక్కన పెట్టి, వరసగా ముక్కులు కోస్తూ పోయారు. కొబ్బరికాయల కొట్టు వారి కుక్క పొలిమేర అవతల టీ బడ్డీ దగ్గర దొరికింది. ఇప్పుడు ఆ పొలిమేర వారి కొట్టుకి ఇవతల, ఆఫీసు వైపున ఉంది గనక అది కొట్లోనే ఉంటోంది. ఊరేగింపు కూడా రద్దు కాలేదు. కుక్కలేవీ రాలేదంతే.

ప్రస్తుతం మా మునిసిపాలిటీ అంటే మునిసిపల్ ఆఫీసు, దాని ప్రహరీ, లోపల నీళ్లు లేని ఒక బోరింగు. మధ్యాహ్నం పూట మా వీధి నిశ్శబ్దంగా ఉంటుంది. గోడకి ఇవతల జాంగ్రీ, అవతల మహారాణి చప్పుడు లేకుండా నిద్రపోతాయి. మాణిక్యం ఇప్పటికీ వంట మధ్యలో వచ్చి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసి వెళుతుంది. గోడ అవతల త్రిలోచనరావు గారు కూడా అలాగే చూస్తారని సూరమ్మ చెప్పింది.

మొన్న ఫొటోల బిల్లు కోసం ఆఫీసుకి వెళ్లాను. పన్ను కట్టే ఇల్లు పరిధిలో ఒక్కటీ మిగల్లేదు గనక పన్నుల విభాగంలో పని లేదు. భద్రాచలం గారు సీట్లో వెనక్కి వాలి, కళ్లు సగం తెరిచి నిద్రపోతున్నారు. కిటికీ రెక్కలు కదులుతున్నాయి. గొంతులోంచి వస్తోంది. పక్కన అప్పన్నదొర లైసెన్సు పుస్తకం తెరిచి కూర్చుని ఉన్నాడు.

"ముప్పైకి ముప్పై వెయ్యొచ్చండి" అన్నాడు నాతో మెల్లగా. "మోకాళ్లు కూడా జారతాయంట."

ఫొటో కావాలన్నాడు. పక్క నుంచి ఒకటి తీసి ఇచ్చి వచ్చాను.